నేల మీది తాబేలు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో లెక్సింగ్టన్ అని చిన్న ఊరు. 1960ల చివర్లో అక్కడి మజీ జూనియర్ హైస్కూల్‌కు సీమోర్ పేపర్ట్ అనే లెక్కల ప్రొఫెసర్ తరచూ వస్తుండేవారు. ఏడో తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేయడం ఆయన పని. దారిలో డ్రాయింగ్ గది ఉండేది. అందులో పిల్లలు సబ్బు బిళ్లల్ని చెక్కి బొమ్మలు చేస్తుండేవారు. ఒక్క రోజుతో అయిపోయే పని కాదది, వారాల తరబడి సాగింది. ఒకరి బొమ్మ ఇంకొకరి బొమ్మలా లేదు. చెక్కుతూ చెక్కుతూ ఆగిపోయేవారు, చూసుకునేవారు, పక్కవాడిది చూసి తమది మార్చుకునేవారు. ఆ గది దాటి లెక్కల క్లాసులో అడుగుపెడితే అంతా వేరు. బోర్డు మీద ఒక లెక్క, దానికి ఒకే జవాబు. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఆ సబ్బు బొమ్మల్లాంటి లెక్కల క్లాసు ఎందుకు ఉండకూడదన్న ప్రశ్న తనను ఏళ్లపాటు వదల్లేదని పేపర్ట్ తర్వాత రాసుకున్నారు.

ఇవాళ ప్రపంచంలో చాలా దేశాల బడుల్లో ఐదారేళ్ల పిల్లలు బటన్లున్న చిన్న రోబోను నేల మీద పెట్టి, ముందుకు, ముందుకు, కుడికి అని నొక్కి నడిపిస్తున్నారు. ఈ పనికి కోడింగ్ అని పేరు. కొత్తగా పుట్టుకొచ్చిన సరుకులా కనిపించినా దీని వెనక యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర సూటిగా సాగలేదు. నేల మీద పుట్టిన ఆలోచన తెర ఎక్కింది, అక్కడ సగం అర్థం పోగొట్టుకుంది, మళ్లీ నేలకు దిగింది. మన తెలుగు పిల్లలకు అందింది మాత్రం ఆ మధ్య భాగమే.

పేపర్ట్ 1928లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పుట్టారు. పసివయసు నుంచే ఆయనకు కార్ల పళ్లచక్రాలంటే పిచ్చి. ఒక చక్రం తిరిగితే దాని పక్కది ఎటు తిరుగుతుంది, ఎంత వేగంగా తిరుగుతుంది అని ఆలోచిస్తూ గడిపేవారు. బడిలో ఎక్కాలు, సమీకరణాలు ఎదురైనప్పుడు ఆ చక్రాలే మనసులో తిరిగాయని, లెక్కలు తనకు దగ్గరైంది వాటి వల్లేనని ఆయన చెప్పుకున్నారు. గణితంలో పరిశోధన పూర్తయ్యాక 1958 నుంచి 1963 దాకా జెనీవాలో జాన్ పియాజే దగ్గర పనిచేశారు. పిల్లల బుర్రను పెద్దలు నింపడం కాదు, చేతులతో చేసి చూసి పిల్లలే తమ జ్ఞానాన్ని కట్టుకుంటారని పియాజే దశాబ్దాల పరిశీలనతో చెప్పిన మనిషి. ఆ మాటను మూట కట్టుకుని పేపర్ట్ అమెరికాలోని ఎంఐటీకి చేరారు. కృత్రిమ మేధ పరిశోధనకు పేరుపడ్డ మార్విన్ మిన్‌స్కీ అక్కడ ఆయన సహచరుడు.

అప్పటికి కంప్యూటర్ అంటే గదిని ఆక్రమించే యంత్రం. దాన్ని పిల్లల చేతికివ్వడమన్న ఆలోచనే వింతగా తోచే రోజులు. అయినా 1967లో కేంబ్రిడ్జిలోని బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ అనే పరిశోధన సంస్థలో వాలీ ఫోర్‌జైగ్, పేపర్ట్, సింథియా సాలమన్, డానియల్ బాబ్రో కలిసి పిల్లల కోసమే ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచేశారు. దాని పేరు లోగో. నలుగురిలో సాలమన్ వచ్చిన దారి చెప్పుకోదగ్గది. ఆమె మిన్‌స్కీ దగ్గర సెక్రెటరీగా చేరి, అక్కడే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. ఆ తర్వాతి ఏళ్లలో క్లాసుగదిలో పిల్లల మధ్య కూర్చుని లోగోను నడిపించిన వాళ్లలో ఆమె ముందువరసలో ఉన్నారు.

తొలి లోగోలో తాబేలు లేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. అది మాటల భాష. మజీ స్కూల్ పిల్లలు టెలిటైప్ అనే టైపు యంత్రం ముందు కూర్చుని మాటల్ని తిప్పి రాసే ఆటలు, వాటంతటవే వాక్యాలు పుట్టించే ప్రోగ్రాములు రాశారు. పదమూడేళ్ల అమ్మాయి ఒకతె అలాంటి వాక్యాల యంత్రం రాస్తూ ఉండగా కంప్యూటర్ అర్థంపర్థం లేని మాటలు కూర్చింది. పదాలన్నీ ఒకే గంపలో వేస్తే వాక్యం రాదని, పేర్లు ఒక పక్క, పనులు ఒక పక్క పెట్టాలని ఆమెకు తట్టింది. నామవాచకం, క్రియ అని బడిలో ఏళ్ల తరబడి ఎందుకు చెప్పారో ఆమెకు ఆ రోజు తెలిసింది. పేపర్ట్ తన పుస్తకంలో ఆమెను జెన్నీ అన్నారు.

కానీ మాటలు పదమూడేళ్ల వాళ్లకు సరిపోతాయి. ఇంకా చిన్నవాళ్ల సంగతేమిటి? చదవడం సరిగా రాని పిల్లాడికి, టైపు చేయడానికి వేళ్లు తిరగని పిల్లకు ప్రోగ్రామ్ అంటే ఏమని చూపించాలి? చేత్తో తాకడానికి, వెంట నడవడానికి ఏదో ఒకటి కావాలి. అక్కడే తాబేలు వచ్చింది.

దానికి ఒక తాత ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్లకు, 1948-49లో, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో విలియం గ్రే వాల్టర్ అనే మెదడు శాస్త్రవేత్త రెండు చిన్న యంత్రాలు తయారుచేశారు. వాటి పేర్లు ఎల్మర్, ఎల్సీ. మూడు చక్రాలు, పైన డిప్ప, వెలుతురు పసిగట్టే కన్ను, దేనికైనా తగిలితే తెలిసే స్పర్శ, లోపల రెండే రెండు వాల్వులు. అవి గదిలో తిరుగుతూ వెలుతురు వైపు వెళ్లేవి, కుర్చీ అడ్డొస్తే పక్కకు తప్పుకునేవి, బ్యాటరీ తగ్గితే తమ గూటికి వెళ్లి ఛార్జ్ చేసుకునేవి. 1951లో లండన్‌లో జరిగిన ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌లో ఆ తాబేళ్ల జాతిని జనం చూసి ముచ్చటపడ్డారు. పేపర్ట్ బృందం తమ యంత్రానికి తాబేలు అని పేరు పెట్టింది ఆ జాతిని తలుచుకునే. తేడా ఒక్కటే, అది చాలా పెద్ద తేడా. వాల్టర్ తాబేలు తన దారి తానే చూసుకునేది. పేపర్ట్ తాబేలు పిల్లలు చెప్పే దాకా కదలదు.

1970 ప్రాంతంలో ఎంఐటీలో తయారైన ఆ తాబేలు బోర్లించిన గిన్నె ఆకారంలో ఉండేది. రెండు చక్రాల మీద నడిచేది, పొట్ట కింద పెన్ను ఉండేది, పొడుగాటి వైరుతో కంప్యూటర్‌కు కట్టి ఉండేది. నేల మీద పెద్ద కాగితం పరిచి, తాబేలును దాని మీద నిలబెడతారు. ముందుకు 100 అంటే అంత దూరం నడుస్తుంది. కుడికి 90 అంటే నిలుచున్న చోటే ఆ మేరకు తిరుగుతుంది. పెన్ను దించమంటే గీత పడుతుంది, ఎత్తమంటే పడదు. భాష అంతే. 1970-71లో లెక్సింగ్టన్‌లోనే బ్రిడ్జ్ స్కూల్‌లో ఐదో తరగతి పిల్లలు దీనితో పనిచేశారు. 1971లో పేపర్ట్, సాలమన్ కలిసి కంప్యూటర్‌తో చేయదగిన ఇరవై పనులంటూ ఒక పత్రం ప్రచురించారు. బొమ్మలు గీయడం, సంగీతం వాయించడం, తోలుబొమ్మల్లాంటివి ఆడించడం అన్నీ అందులో ఉన్నాయి. ఇవాళ ఏ బడి కోడింగ్ క్లాసులో చేయించే పనైనా దాదాపుగా ఆ ఇరవైలో ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది.

ఈ తాబేలులో ఏముందని అంత గొప్ప? వృత్తం సంగతే తీసుకుందాం. మన దగ్గర ఇంటర్ రెండో ఏడాది లెక్కల పుస్తకంలో వృత్తం సమీకరణం వస్తుంది. ఎక్స్ స్క్వేర్, వై స్క్వేర్, కేంద్రం, వ్యాసార్థం. అది అర్థం కావాలంటే పదేళ్ల చదువు కావాలి. తాబేలు దగ్గరికొచ్చిన పిల్లాడు తాబేలుతో సున్నా ఎలా గీయించాలి అని అడిగితే టీచర్ జవాబు చెప్పదు. నువ్వే తాబేలువనుకుని గుండ్రంగా నడిచి చూడు అంటుంది. వాడు నడుస్తాడు. నడుస్తూ తన కాళ్లు ఏం చేస్తున్నాయో చూసుకుంటాడు. కొంచెం ముందుకు, కొంచెం పక్కకు, మళ్లీ కొంచెం ముందుకు, మళ్లీ కొంచెం పక్కకు. ఒక అడుగు నడువు, ఒక డిగ్రీ తిరుగు, దీన్ని 360 సార్లు చెయ్యి అని కంప్యూటర్‌కు చెబితే సున్నా వచ్చేస్తుంది. ఆ పిల్లాడు చేసింది డిఫరెన్షియల్ జామెట్రీ అని గణిత శాస్త్రజ్ఞులు పిలిచే విద్యకు మొదటి మెట్టు. వాడికి ఆ పేరు తెలియనవసరం లేదు. తన ఒంటితో తెలుసుకున్నాడు, అది చాలు.

త్రిభుజం ఇంకా బాగుంటుంది. సమబాహు త్రిభుజంలో ప్రతి కోణం 60 అని బడిలో నేర్చుకున్న పిల్ల, ముందుకు 100, కుడికి 60 అని మూడు సార్లు చెబుతుంది. త్రిభుజం రాదు. ఆగకుండా అలాగే కొనసాగిస్తే ఆరు భుజాల బొమ్మ వస్తుంది. లెక్క తప్పా? లెక్క తప్పు కాదు. పుస్తకంలోని 60 త్రిభుజం లోపల కూర్చున్న కోణం. అంచు మీద నడిచే తాబేలు మలుపు దగ్గర తిరగాల్సింది బయటి కోణం, 120. బయల్దేరిన చోటికి వచ్చి, మొదట్లో ఎటు చూసిందో అటే చూస్తూ నిలబడాలంటే మొత్తం 360 తిరగాలి. మూడు మలుపులైతే ఒక్కోటి 120, నాలుగైతే 90, ఐదైతే 72. ఇది ఎవరూ బోర్డు మీద రాయకపోయినా, నేల మీద రెండు మూడు సార్లు నడిచిన పిల్లకు తెలిసిపోతుంది.

తప్పు గురించి కూడా తాబేలు కొత్త సంగతి చెప్పింది. చతురస్రం గీయడం నేర్పి, త్రిభుజం గీయడం నేర్పి, రెంటినీ కలిపితే ఇల్లవుతుందనుకుంటారు పిల్లలు. మొదటిసారి పైకప్పు ఇంటి లోపల పడుతుంది. లెక్కల నోట్‌బుక్‌లో అయితే దాని మీద ఎర్ర గీత పడేది. ఇక్కడ మాత్రం పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని చూస్తారు. తాబేలు చతురస్రం పూర్తి చేశాక ఎక్కడుంది? ఎటు చూస్తోంది? త్రిభుజం మొదలుపెట్టే ముందు దాన్ని ఎక్కడికి జరపాలి? ప్రోగ్రాములో తప్పును ఇలా వెతికి సరిచేయడాన్ని డీబగ్గింగ్ అంటారు. పిల్లలు తమ తప్పును చూసి సిగ్గుపడకుండా దాని వెంటపడటం ఈ మొత్తం కథలో పేపర్ట్‌కు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి.

ఇక రేడియా పెర్ల్‌మన్. ఈ చరిత్రలో ఎక్కువ ఆదరణ దక్కాల్సిన పేరు ఇదే. 1970ల మధ్యలో ఆమె ఎంఐటీ విద్యార్థిని, పేపర్ట్ లోగో ప్రయోగశాలలో పనిచేస్తున్నారు. ఐదో తరగతి పిల్లలు టైపు చేయగలరు, మరి మూడున్నరేళ్ల వాళ్లు? వాళ్లకు కీబోర్డు ఒక అడవి. ఒక్క అక్షరం తప్పితే కంప్యూటర్ వినదు. పెర్ల్‌మన్ కీబోర్డును పక్కనపెట్టి బటన్ల పెట్టె ఒకటి తయారుచేశారు. దాని పేరు టార్టిస్.

ఆ పెట్టెను ఆమె ఎంత ఆలోచించి కట్టారో చూడాలి. మొత్తం పెట్టెను ఒక్కసారే పిల్లలకు ఇవ్వలేదు. మొదట పనుల పెట్టె మాత్రమే. ముందుకు, వెనక్కి, కుడికి, ఎడమకు, పెన్ను పైకి, పెన్ను కిందికి, కూత, దీపం. నొక్కగానే తాబేలు ఆ పని చేస్తుంది. దానికి అలవాటు పడ్డాక అంకెల పెట్టె జోడిస్తారు. మూడు నొక్కి ముందుకు నొక్కితే మూడు సార్లు వెళ్తుంది. ఆ తర్వాత జ్ఞాపకం పెట్టె. ఇప్పుడు నొక్కినవన్నీ గుర్తుపెట్టుకుని, చెప్పినప్పుడు వరసగా చేస్తుంది. చివరికి నాలుగు వేర్వేరు ప్రోగ్రాముల్ని దాచుకునే పెట్టె. పసిపిల్ల ఒక్కో మెట్టు ఎక్కి ప్రోగ్రామ్ అన్న ఆలోచన దాకా వస్తుంది. వెంటనే జరిగే పని, తర్వాత జరగబోయే పని, ఒక పేరుతో దాచిపెట్టిన పని. ఈ మూడింటి మధ్య తేడా పెద్దవాళ్లకే కొత్తల్లో తికమక పెడుతుంది.

పెట్టెలో ఒక చిక్కు మిగిలిపోయింది. గుర్తుపెట్టుకున్న ప్రోగ్రాము కంటికి కనబడదు. ఎక్కడ తప్పిందో చూడాలంటే ఎలా? 1976 నాటికి పెర్ల్‌మన్ దానికీ దారి కనిపెట్టారు. రంగురంగుల పొడుగాటి పెట్టెలు, వాటికి వరసగా గాళ్లు. ఒక్కో ఆజ్ఞకు ఒక్కో ప్లాస్టిక్ కార్డు. కార్డుల్ని గాళ్లలో వరసగా నిలబెట్టి బటన్ నొక్కితే తాబేలు ఆ వరసలో పనులు చేస్తుంది. ఇప్పుడు ఏ కార్డు పని జరుగుతోందో దాని దగ్గర దీపం వెలుగుతుంది. ఎర్ర పెట్టెలోంచి నీలం పెట్టెను పిలవడానికి కూడా ఒక కార్డు ఉంది. ప్రోగ్రాము కళ్ల ముందు బొమ్మల వరసగా నిలిచింది. తప్పు కార్డు తీసి సరైంది పెడితే సరి.

ఆ పని ఆమె కొనసాగించలేదు. చుట్టూ మగవాళ్లే ఉన్న చోట చిన్నపిల్లలతో పనిచేసే ఆడపిల్లను శాస్త్రవేత్తగా లెక్కచేయరేమోనన్న బెరుకు అందుకు ఒక కారణమని ఆమె తర్వాత చెప్పారు. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో ఉండగా ఆమె కనిపెట్టిన స్పానింగ్ ట్రీ పద్ధతి కంప్యూటర్ నెట్‌వర్కుల విస్తరణకు మూలస్తంభమైంది, పేరు ప్రపంచమంతా మోగింది. కానీ ఒక పరిశోధకురాలు పసిపిల్లల చదువు మీద పనిచేయడం చిన్నతనంగా భావించాల్సి వచ్చిన ఆ వాతావరణం వల్ల పిల్లలు పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు. కీబోర్డు లేకుండా చేత్తో తాకి చేసే ప్రోగ్రామింగ్ చాలా ఏళ్లు ప్రయోగశాలల మూలల్లోనే ఉండిపోయింది.

ఈలోగా కంప్యూటర్ చిన్నదైంది, చవకైంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఆపిల్ కంపెనీల బల్ల మీది కంప్యూటర్లకు లోగో వచ్చింది. 1980లో పేపర్ట్ రాసిన మైండ్‌స్టార్మ్స్ పుస్తకం వెలువడింది. టీచర్లు దాన్ని ఆబగా చదివారు. బడులు కంప్యూటర్లు కొన్నాయి. ఆ కంప్యూటర్లలో తాబేలు ఉంది, కానీ తెర మీద చిన్న త్రిభుజంగా ఉంది. రోబో తాబేలు ఖరీదైనది, పాడయ్యేది, బాగుచేసే మనిషి దొరకాలి. తెర తాబేలుకు ఏ ఖర్చూ లేదు, ఎంత వేగంగానైనా గీస్తుంది. బడి లెక్కల్లో తెర గెలవడం సహజమే.

గెలుపుతో పాటు ఒక చిక్కు వచ్చింది. నేల మీది తాబేలు ఎటు చూస్తే పిల్ల కూడా అటు తిరిగి నిలబడి కుడి ఎడమలు తేల్చుకునేది. తెర నిలువుగా ఉంటుంది. అక్కడ ముందుకు అంటే పైకి. ఒళ్లు పక్కకు తప్పుకుంది, వేళ్లు మిగిలాయి. పెద్ద పిల్లలు ఆ ఊహ చేసుకోగలరు, చిన్నవాళ్లకు అది కష్టం.

ఆశలు మరీ పెరిగినప్పుడు పరీక్షలూ తప్పవు. న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీలో రాయ్ పీ, మిడియన్ కర్లండ్ 1980ల మధ్యలో ఒక అధ్యయనం చేశారు. ఎనిమిది తొమ్మిదేళ్ల వాళ్లు, పదకొండు పన్నెండేళ్ల వాళ్లు ఏడాదిపాటు లోగో చేశారు. తర్వాత క్లాసుగది సర్దే పనుల్ని తక్కువ నడకతో ఎలా పూర్తి చేయాలో ప్లాను వేయమన్నారు. లోగో చేసిన పిల్లలు చేయని వాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరు. ఇది పేపర్ట్‌కు రుచించలేదు. లోగోను మందు బిళ్లలా చూసి దాని గుణం కొలవడం తప్పని, పిల్లలు, టీచరు, పని చేసే తీరు అన్నీ కలిస్తేనే ఫలితమని ఆయన జవాబిచ్చారు. రెండు పక్షాల మాటా నిజమే. అయినా ఆ అధ్యయనాన్ని మరిచిపోకూడదు. పిల్లల్ని కంప్యూటర్ల ముందు వదిలేస్తే ఆలోచన తనంతట తాను ఎదగదని, పక్కన తెలిసిన టీచరు కావాలని అది నలభై ఏళ్ల కిందటే చెప్పింది. ఇవాళ ఆరేళ్ల పిల్లాడు కోడింగ్ నేర్చుకుంటే అన్నిటా ముందుంటాడని చెప్పేవాళ్లకు అది ఇప్పటికీ జవాబే.

తాబేలు మళ్లీ నేలకు దిగింది ఎక్కువగా బ్రిటన్‌లో. అక్కడ 1981 చివర్లో ఏకార్న్ కంపెనీ బీబీసీ మైక్రో కంప్యూటర్ తెచ్చింది, 1982లో బీబీసీ టీవీలో కంప్యూటర్ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. ప్రైమరీ బడులు కంప్యూటర్ కొంటే సగం ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది. 1983లో వాలియంట్ కంపెనీ వైరు లేని తాబేలు తెచ్చింది, టీవీ రిమోట్‌లో వాడే తరహా ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేసేది. 1989లో అదే కంపెనీ నుంచి రోమర్ వచ్చింది. దీనికి కంప్యూటరే అక్కర్లేదు, బటన్లు దాని వీపు మీదే ఉన్నాయి. పిల్లలు దానికి అట్టముక్కలు, కాగితాలు తొడిగి పిల్లిగా, బస్సుగా మార్చి నడిపించేవారు.

దీనికి ముందే బొమ్మల దుకాణాల్లో ఒక చుట్టం ఉండేది. 1979లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ అమ్మిన బిగ్ ట్రాక్ ఆరు చక్రాల బండి. వీపు మీద కీప్యాడ్, 16 ఆజ్ఞల జ్ఞాపకం. తన పొడవే దానికి కొలబద్ద, ముందుకు రెండు అంటే రెండు బండ్ల దూరం. ఇంట్లో నేల మీద దాన్ని వంటగది దాకా నడిపించడానికి పిల్లలు పడిన పాట్లు పేపర్ట్ కలగన్న లెక్కల పాఠమే. ఇక లెగో సంగతి ఎక్కువమందికి తెలిసిందే. ఎంఐటీ బృందంతో కలిసి ఏళ్లపాటు పనిచేశాక 1998లో ఆ కంపెనీ ప్రోగ్రామింగ్ చేయగల ఇటుకను అమ్మకానికి పెట్టింది. దానికి పేపర్ట్ పుస్తకం పేరే, మైండ్‌స్టార్మ్స్. అది పెద్ద పిల్లల వస్తువు.

చిన్నవాళ్లకు అందింది తేనెటీగ. 2000ల మధ్యలో ఇంగ్లండ్‌లోని టీటీఎస్ అనే బడి సామాన్ల కంపెనీ బీ-బాట్ తెచ్చింది. పసుపు, నలుపు చారల ప్లాస్టిక్ ఒళ్లు, వీపు మీద నాలుగు బాణాలు, మధ్యలో గో, చెరిపేయడానికి ఒక బటన్, ఆగడానికి ఒకటి. ఒక్క అడుగు 15 సెంటీమీటర్లు, ఒక్క మలుపు 90 డిగ్రీలు. మొదటి రకం 40 ఆజ్ఞలు గుర్తుపెట్టుకునేది. ఒక్కో పని చేశాక బీప్ అంటుంది, కళ్లు మెరుస్తాయి. పెర్ల్‌మన్ పెట్టె మళ్లీ వచ్చినట్టే, కాకపోతే ఈసారి ఏ బడైనా కొనగలిగేంత చిన్నగా. ఆమె కార్డుల వరస ఆలోచనకు కూడా వారసులొచ్చారు. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మరీనా బెర్స్ బృందం తయారుచేసిన కీబో రోబోకు పిల్లలు చెక్క దిమ్మెల్ని వరసగా గుచ్చి, వాటి మీది బార్‌కోడ్‌లను రోబోతోనే చదివిస్తారు. తెరే లేదు.

బీ-బాట్‌తో పిల్లలు ఎక్కడ తడబడతారో దాన్ని వాడిన టీచర్లందరికీ తెలుసు. మొదటిది కుడి బాణం. అది నొక్కితే తేనెటీగ కుడి పక్క గడిలోకి జరుగుతుందనుకుంటారు. అది జరగదు, ఉన్నచోటే తిరుగుతుంది. తర్వాత మళ్లీ ముందుకు నొక్కాలి. రెండోది, తేనెటీగ పిల్లవైపు ముఖం పెట్టి వస్తున్నప్పుడు దాని కుడి పిల్లకు ఎడమ. అప్పుడు తెలివైన పిల్ల లేచి తేనెటీగ వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. మూడోది చెరిపే బటన్. కొత్త దారి చెప్పే ముందు పాతది చెరపకపోతే తేనెటీగ పాత దారి అంతా నడిచి, ఆపైన కొత్తది నడుస్తుంది. యంత్రానికి జ్ఞాపకం ఉంటుందని, చెరిపేదాకా ఇందాక చెప్పింది అది మరిచిపోదని ఐదేళ్ల పిల్లకు ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? ఈ తడబాట్లే అసలు పాఠం. జవాబు ముందే చెప్పేసే టీచరు ఆ పాఠాన్ని పిల్లల చేతుల్లోంచి లాగేసుకున్నట్టే.

బ్రిటన్ బడుల్లో కంప్యూటర్ క్లాసు మధ్యలో దారి తప్పింది. వర్డ్‌లో ఉత్తరం టైపు చేయడం, స్లైడ్లు తయారు చేయడం నేర్పితే చాలనుకున్నారు. 2012 జనవరిలో రాయల్ సొసైటీ నివేదిక ఆ తీరును గట్టిగా తప్పుపట్టింది. 2014 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్‌లో ఐదేళ్ల పిల్లల నుంచి అందరికీ కంప్యూటింగ్ పాఠ్యాంశమైంది. అల్గారిథమ్ అంటే ఏమిటి, చిన్న ప్రోగ్రామ్ రాయడం, తప్పు వెతకడం, ఇది జరుగుతుందని ముందే ఊహించడం ఆరేడేళ్ల వాళ్ల చదువులో భాగమైంది. 2016లో బీబీసీ మైక్రోబిట్ అనే చిన్న సర్క్యూట్ బోర్డును బ్రిటన్‌లోని పదకొండు పన్నెండేళ్ల పిల్లలకు ఉచితంగా ఇచ్చింది, లక్ష్యం పది లక్షలు. 25 చిన్న దీపాలు, రెండు బటన్లు, ఊపితే తెలిసే సెన్సర్ ఉన్న వస్తువు. 2023 నుంచి ప్రైమరీ బడులకు కూడా 30 చొప్పున పంచారు.

ఇక మన దగ్గరికి తాబేలు ఎలా వచ్చింది? 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ ప్రాజెక్టు పేరుతో బీబీసీ మైక్రో కంప్యూటర్లను సుమారు 250 బడుల్లో పెట్టింది. అవి పెద్ద తరగతులకు. తెలుగునాట ప్రైమరీ పిల్లలకు తాబేలు అందింది 1990ల తర్వాత, ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం బడుల కంప్యూటర్ ల్యాబుల్లో. చెప్పులు బయట విప్పి, ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఎఫ్‌డీ 100 (ముందుకు), ఆర్‌టీ 90 (కుడికి) అని కొట్టిన తరం ఇప్పుడు ముప్పైల్లో ఉంది. ఎమ్‌ఎస్‌డబ్ల్యూ లోగో తెర మీద ఆ తాబేలు చిన్న త్రిభుజం. పరీక్షలో ఎఫ్‌డీ పూర్తి రూపం రాయమనేవారు, చతురస్రం గీసే ఆజ్ఞలు రాయమనేవారు. పిల్లలు కంఠస్థం చేసి రాసేవారు. గుండ్రంగా నడిచి చూడు అన్నవాళ్లు అరుదు. పేపర్ట్ ఏ లెక్కల క్లాసు నుంచి పారిపోవాలని తాబేలును తయారుచేశారో, తాబేలు తిరిగి ఆ క్లాసులోకే వచ్చి చేరింది. టీచర్లను తప్పుపట్టి లాభం లేదు. వాళ్ల చేతికి పుస్తకం ఇచ్చారు గానీ, నేల మీద పిల్లలతో ఏం చేయాలో ఎవరూ చూపించలేదు.

బాధ ఏమిటంటే ఆ ఆలోచనకు ఇక్కడ నేల సిద్ధంగానే ఉంది. చుక్కల ముగ్గు వేసే అమ్మాయి చుక్కలు లెక్కపెట్టుకుని, ఒకే నడకను నాలుగు వైపులా తిప్పి, మొదలుపెట్టిన చోటికి వచ్చి గీత కలుపుతుంది. 1974లో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ ఈ ముగ్గుల్నే కంప్యూటర్ భాషల వ్యాకరణంతో వివరిస్తూ పరిశోధన పత్రం రాశారు. అది విద్వాంసుల మధ్యే ఉండిపోయింది, రెండో తరగతి పుస్తకం దాకా రాలేదు.

2020 జాతీయ విద్యా విధానం కోడింగ్‌ను ఆరో తరగతి నుంచి మొదలుపెట్టమంది. 2016 నుంచి వస్తున్న అటల్ టింకరింగ్ ల్యాబులు కూడా ఆరు నుంచి పన్నెండు తరగతులకే. పెర్ల్‌మన్ పెట్టె ముందు కూర్చున్న పిల్లల వయసుకూ, మన విధానం తలుపు తెరిచే వయసుకూ మధ్య ఏడెనిమిదేళ్లు. ఆ ఖాళీని లాక్‌డౌన్ రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల ప్రకటనలు నింపాయి. ఫీజు కట్టగలిగిన వాళ్ల పిల్లలకు తెర, మిగతావాళ్లకు ఏమీ లేదు. ఒకరిద్దరు టీచర్లతో ఐదు తరగతులు నడిపే ప్రభుత్వ ప్రైమరీ బడికి ల్యాబు కావాలని ఎవరూ అడగడం లేదు. బడికి నాలుగైదు బటన్ రోబోలు, టీచరుకు వాటితో పిల్లల మధ్య కూర్చునేంత శిక్షణ ఇస్తే మొదలుపెట్టవచ్చు.

రోబోలు వచ్చేదాకా ఆగనక్కర్లేదని న్యూజీలాండ్‌లోని క్యాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో టిమ్ బెల్, ఆయన సహచరులు 1990ల నుంచీ చూపిస్తున్నారు. కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ శాస్త్రం నేర్పే వాళ్ల ఆటలు చాలా భాషల్లోకి వెళ్లాయి. అందులో ఒకటి చాలా తేలిక. వరండాలో సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గడుల్లా ఐదు వరసలు గీస్తారు. ఒక పిల్ల రోబో. ఒకడు కాగితం మీద బాణాలు గీసి ప్రోగ్రామ్ రాస్తాడు. ఇంకొకడు దాన్ని పైకి చదువుతాడు, రోబో పిల్ల ఉన్నదున్నట్టు చేస్తుంది, సొంత తెలివి వాడకూడదు. నాలుగో పిల్ల ఎక్కడ తప్పిందో చూసి బాణం మారుస్తుంది. తర్వాత పాత్రలు మార్చుకుంటారు. రెండో తరగతిలో అరగంట పని ఇది, సుద్దముక్క తప్ప ఖర్చు లేదు.